పాత జాగ్వార్ కొన్నాను: రెండేళ్ల లెక్క

కారు చూసినవాళ్లు అడిగే మొదటి మాట ఒక్కటే: "ఎంత పడింది?" మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ అడిగాడు, ఆఫీసులో మేనేజర్ అడిగాడు, కోడికొండ చెక్‌పోస్ట్ దగ్గర టీ పోసే అతనూ అడిగాడు. 27 లక్షలు అంటే నమ్మరు. కొత్తప్పుడు కోటి దాటిన బండి 27కి ఎట్లా వచ్చిందంటారు. ఏడాదికి ఎంత తింటుందని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేను రాస్తున్నది ఆ అడగని ప్రశ్న గురించే. ఇలాంటి కారు కోసం ఏళ్ల తరబడి ఫొటోలు చూసుకుంటూ గడిపినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లు మొదటి ధర చూసి దిగిపోతారేమోనని నా భయం.

మాది అనంతపురం. పద్నాలుగేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం, కుందలహళ్లి గేటు దగ్గర కాపురం. నాయన ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. అనంతపురం నుంచి బెంగళూరుకు చాలా ఏళ్లు బస్సు తోలాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన సీటు వెనక కూర్చుని ఆ దారంతా వచ్చేవాణ్ణి. నాకు బండ్ల పిచ్చి అక్కడే పట్టింది.

నేను కొన్నది 2012 మోడల్ జాగ్వార్ ఎక్స్‌కేఆర్. రెండు తలుపుల కూపే, ఐదు లీటర్ల వీ8 ఇంజిన్ (ఎనిమిది సిలిండర్లు), దానిమీద లోపలికి గాలిని ఒత్తి పంపే సూపర్‌ఛార్జర్, 510 హార్స్‌పవర్. బాడీ మొత్తం అల్యూమినియం. డిజైన్ గీసింది అప్పటి జాగ్వార్ డిజైన్ అధిపతి ఇయాన్ కల్లమ్. వెనక రెండు సీట్లున్నాయిగానీ పెద్దవాళ్లు కాళ్లు పెట్టుకోలేరు, బ్యాగులు పెట్టుకోవాలి. దీన్ని స్పోర్ట్స్ కారు అంటే నేను ఒప్పుకోను, ఇది గ్రాండ్ టూరర్. రేస్ ట్రాక్ మీద చక్కర్లు కొట్టడానికి కాదు, పొద్దున బయల్దేరి ఐదారు వందల కిలోమీటర్లు పోయి, దిగినప్పుడు నడుం నొప్పి లేకుండా ఉండటానికి చేసిన బండి. బరువుగా ఉంటుంది, సీటు మెత్తగా ఉంటుంది, వెనక డిక్కీలో ఇద్దరి సామాను పడుతుంది. హైదరాబాదు పోవాలన్నా, ఊరికి పోవాలన్నా నాకు ఇదే సరైన బండి అనిపించింది.

ఇలాంటివి మన దగ్గర ఎన్నో ఉండవు. వాడిన కారును బయటి దేశం నుంచి తెచ్చుకోవాలంటే అది మూడేళ్ల లోపుది, కుడివైపు స్టీరింగ్ ఉన్నది అయి ఉండాలి. అంటే పన్నెండేళ్ల కారును ఇంగ్లండ్‌లో చవగ్గా దొరుకుతోందని దించుకోవడం కుదరదు. 2008లో టాటాలు ఫోర్డ్ దగ్గర నుంచి జాగ్వార్‌ను కొన్నాక, 2009లో ఇక్కడ అధికారికంగా అమ్మకాలు మొదలయ్యాయి. 2014లో ఈ మోడల్ తయారీ ఆగిపోయింది. ఆ కొద్ది ఏళ్లలో కొత్తగా వచ్చిన బండ్లే ఇప్పటికీ చేతులు మారుతూ తిరుగుతున్నాయి.

పదకొండు నెలలు వెతికాను. చూసినవి నాలుగే.

మొదటిది ఢిల్లీ బండి. నేను చివరికి పెట్టిన ధర కన్నా ఐదు లక్షలు తక్కువ. ఢిల్లీలో అప్పట్లో పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కార్లను తిరగనిచ్చేవారు కాదు కాబట్టి, ఆ గడువు దగ్గర పడేకొద్దీ అక్కడి యజమానులు తొందరపడేవారు. ఆశపడి లెక్క వేశాను. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, కర్ణాటకలో కొత్త నంబరు తీసుకోవాలి, జీవితకాల పన్ను కట్టాలి. ఇక్కడ 20 లక్షలు దాటిన కార్లకు పన్ను 18 శాతం. పాత బండికి వయసును బట్టి తగ్గిస్తారుగానీ, లెక్క మొదలయ్యేది నేనిచ్చే ధర నుంచి కాదు, అది కొత్తప్పుడు పలికిన ధర నుంచి. ఐదు లక్షలు మిగలడం అటుంచి, ఇంకా చేతి నుంచి పడేట్టుంది. వదిలేశాను. ఇంకో రాష్ట్రం బండి చవగ్గా కనపడితే ముందు ఈ లెక్క చేసి, తర్వాతే ఫోన్ చేయండి.

రెండోది, మూడోది బెంగళూరువే, కానీ చూడగానే మనసు ఒప్పలేదు. నాలుగోది నగరంలోనే ఒక బ్రోకర్ దగ్గర దొరికింది. నలుపు రంగు, 31 వేల కిలోమీటర్లు. సర్వీసు రికార్డు మొత్తం ఉందన్నాడు. కాగితాలు చేతికొచ్చాక చూస్తే మధ్యలో నాలుగేళ్లు ఖాళీ. అడిగితే "ఆ టైములో బండి కదల్లేదు సార్" అన్నాడు. కదలకపోవడం మంచిదని చాలామంది అనుకుంటారు. కాదు. నిలబెట్టిన బండిలో రబ్బరు ఎండుతుంది, బ్యాటరీ చస్తుంది, పెట్రోల్ పాడవుతుంది. ఆ నాలుగేళ్ల మాట మీదే లక్షన్నర తగ్గించమని కూర్చున్నాను, తగ్గించాడు.

బండి చూడటానికి నాతో వచ్చిన మెకానిక్‌ది చింతామణి వైపు. తెలుగు, కన్నడ కలిపి మాట్లాడతాడు. పెద్ద షోరూముల్లో ఇరవై ఏళ్లు పనిచేసి సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. నేను అన్నా అంటాను, ఆయన సార్ అంటాడు, ఎంత చెప్పినా మానడు. ఆ రోజు ఆయన దగ్గర నేర్చుకున్నది ఎక్కడా చదవలేదు.

నేను జేబులో అయస్కాంతం పెట్టుకుని వెళ్లాను. పాత కార్లకు పుట్టీ పెట్టారేమో చూడటానికి అందరం చేసేదే. డోరుకు ఆనిస్తే అతుక్కోలేదు. గుండె జారింది. బానెట్‌కూ అతుక్కోలేదు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "సార్, ఇది అల్యూమినియం, యాడా అతుక్కోదు" అని, రంగు మందం కొలిచే మీటరు తీశాడు. అల్యూమినియం మీద కూడా పనిచేసే మీటరు. ఒక్కో పలక మీద నాలుగైదు చోట్ల పెట్టి అంకెలు కాగితం మీద రాశాడు. కుడివైపు వెనక మూల తప్ప అన్నీ దగ్గర దగ్గరగా వచ్చాయి. ఆ మూల ఒకసారి రంగు వేశారు, కింద లోహం మాత్రం సరిగ్గానే ఉందన్నాడు. ఇది పెద్ద విషయం. ఈ కారు బాడీని రివెట్లు, జిగురుతో కలిపి కట్టారు. గట్టిగా గుద్దిన బండిని మామూలు టింకరింగ్ షెడ్డులో సరిచేయలేరు.

తర్వాత బానెట్ ఎత్తి దాని వెనక అంచు దగ్గర రెండువైపులా టార్చి వేశాడు. మనిషిని ఢీకొంటే తల ఇంజిన్‌కు తగలకుండా ఈ కారు బానెట్ దానంతటదే కాస్త పైకి లేస్తుంది. ఎయిర్‌బ్యాగ్ లాగే అది ఒక్కసారి పేలే ఏర్పాటు. ఒకసారి లేచి ఉంటే మళ్లీ మార్చడం ఖర్చు. ఇందులో లేవలేదు.

టైర్లు చూసి నేను సంతోషపడ్డాను, గాడులు నిండుగా ఉన్నాయి. ఆయన మోకాలు మీద కూర్చుని పక్కనున్న నాలుగంకెలు తుడిచి చూపించాడు: 3215. అంటే 2015లో 32వ వారం తయారైన టైరు. ఎనిమిదేళ్లు. అరగలేదు, ముసలిదైంది. వేలుగోరుతో నొక్కితే చెక్క మీద నొక్కినట్టుంది. సైజు ముందు 255/35, వెనక 285/30, నాలుగూ ఇరవై అంగుళాల చక్రాలకు వేసేవి. కొన్న మొదటి నెలలోనే మార్చాను, లక్షా అరవై వేలు.

డబ్బు విషయానికొస్తే, ఇంత వయసున్న కారుకు లోను ఇస్తామన్న బ్యాంకు నాకు కనపడలేదు. మొత్తం చేతిలో ఉండాలి. మా ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజుల డబ్బు జోలికి పోకూడదని. అందుకే కారు ధర కాక ఆరు లక్షలు విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాను. అది కారుదే, ఇంకో పనికి తీయకూడదు. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని ఇదే అని ఇప్పటికీ అనుకుంటాను. ఆ ఆరు లక్షలు లేకుండా కారు మాత్రమే కొనగలిగినవాళ్లు ఇంకో ఏడాది ఆగాలి.

కాగితాల పని సాఫీగా సాగలేదు. ఆర్‌సీ మీద ఇంకా పాత ఫైనాన్స్ సంస్థ పేరే ఉంది. మొదటి ఓనరు లోను ఎప్పుడో తీర్చేశాడు, కానీ పేరు తీయించలేదు. వాళ్ల దగ్గర నుంచి ఎన్‌ఓసీ, ఆర్‌సీలో వాళ్ల పేరు తీసేయడానికి కావాల్సిన ఫారం 35 వచ్చేదాకా ఆరు వారాలు ఆగాల్సి వచ్చింది. అంతవరకు బయానా తప్ప డబ్బు ఇవ్వలేదు. బ్రోకర్ రోజూ ఫోన్ చేసి వేరే పార్టీ వస్తోందని టెన్షన్ పెట్టాడు. రానివ్వండి అన్నాను. ఆ తర్వాత ఫారం 29, 30 మీద సంతకాలు, ట్రాన్స్‌ఫర్ మూడు వారాల్లో అయిపోయింది. 2023 అక్టోబరు చివర్లో బండి నా పేరు మీదికొచ్చింది.

ఫోన్‌లో నాయనకు చెప్పాను. ధర చెప్పలేదు, వయసు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదురా, చూసుకో" అన్నాడు. కొన్నందుకు కోప్పడలేదు, ఆ ఒక్క మాటతో సరిపెట్టాడు.

మొదటి ఎనిమిది నెలలు దాణా తప్ప వేరే కష్టం లేదు. ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు లేచి హెబ్బాళ్ మీదుగా దేవనహళ్లి దాటి చిక్కబళ్లాపురం దాకా వెళ్లి, ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండేవాణ్ణి. మారతహళ్లి, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఈ బండిని తీయడం నాకు ఇష్టం లేదు. గంటలో నాలుగు కిలోమీటర్లు కదిలితే ఇంజిన్ గది వేడి ఎక్కిపోతుంది. నాకు అప్పుడు తెలియనిదేమిటంటే, అంతకు ముందు కదిలిన ఏళ్లన్నీ అది ఆ వేడిలోనే నడిచింది.

2024 జూన్‌లో నాయన కంటి ఆపరేషన్‌కి మా ఇంటికి వచ్చాడు. ఆపరేషన్ అయిన వారానికి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నాతోపాటు సెల్లార్‌లోకి దిగాడు. స్టార్ట్ బటన్ నొక్కాను. గేర్ తిప్పే గుండ్రటి బిళ్ల చేతి కింద పైకి లేచింది. నాయన దాన్ని చూడనే లేదు. తల కొంచెం పక్కకు వంచి ఇంజిన్ వింటున్నాడు.

"ఆపు," అన్నాడు.

ఆపాను. బానెట్ ఎత్తమన్నాడు. మొదట ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్ కోసం చూశాడు. "యాడుందిరా?" ఈ ఇంజిన్‌కు డిప్‌స్టిక్ లేదు. ఆపిన తర్వాత కాసేపు ఆగితే ఆయిల్ ఎంత ఉందో మీటర్ల మధ్య తెర మీదే చూపిస్తుంది. అది చెప్తే ఆయనకు నచ్చలేదు. "ఆయిల్‌ను వేళ్ల మధ్య రాసి చూడకుండా ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

మళ్లీ స్టార్ట్ చేయమన్నాడు. ఈసారి నేనూ విన్నాను. డబ్బాలో గోళీలు కదిలినట్టు, ముందు వైపు నుంచి, ఐడ్లింగ్‌లో మాత్రమే. కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే పోతోంది. రోజూ వినీ వినీ నాకు అది అలవాటైపోయింది, వీ8 అంటే ఇంతే అనుకున్నాను. నాయన ముక్కు ముందుకు చాచి, "తియ్యటి వాసన వస్తాంది, కూలెంట్ కారుతాండాది," అన్నాడు. కంటికి కట్టు విప్పి వారం కాలేదు, చెవి, ముక్కుతోనే రెండు జబ్బులు పట్టాడు. వంగి చూస్తే బండి కింద నేల మీద బొట్టు బిళ్లంత తడి.

మెకానిక్ షెడ్డులో, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ట్యాంకు మూతి దగ్గర చేతిపంపు బిగించి గాలి ఒత్తిడి పెట్టారు. ముల్లు నిలబడకుండా నెమ్మదిగా దిగుతోంది. ఎక్కడ కారుతోందో పైనుంచి కనపడదు. ఈ ఇంజిన్ రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలాంటి చోట సూపర్‌ఛార్జర్ కూర్చుని ఉంటుంది. నీళ్లు అటూ ఇటూ పోయే ప్లాస్టిక్ గొట్టాలు దాని ముందూ వెనకా కింది నుంచి పోతాయి. సూపర్‌ఛార్జర్ దింపకుండా అక్కడికి చెయ్యి పోదు. దింపడానికే ఒక రోజు పట్టింది.

దించాక మెకానిక్ ఆ గొట్టం నా చేతిలో పెట్టాడు. నల్లగా, చూడటానికి బాగానే ఉంది. రెండు సగాలను కలిపి అతికిన గీత వెంట వెంట్రుకంత పగులు, దాని చుట్టూ ఎండిన తెల్లటి పొడి. రెండు వేళ్లతో వంచితే బిస్కెట్టులా విరిగిపోయింది. పుష్కర కాలం వేడికి మగ్గిన ప్లాస్టిక్ ఏదైనా అంతే. కానీ అది హైవే మీద విరిగి ఉంటే నీళ్లన్నీ ఒక్కసారి పోయి, నేను చూసుకునేలోపు ఇంజిన్ వేడెక్కి సిలిండర్ హెడ్లు వంగిపోయేవి. వీ8 ఇంజిన్ పోతే బండి ధరలో సగం దానికే పోతుంది. ఆ ముక్కలు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నాయి.

గోళీల చప్పుడు సూపర్‌ఛార్జర్ ముందుండే కప్లర్‌ది. పుల్లీ నుంచి లోపలి రోటర్లకు తిప్పుడు అందించే చిన్న ముక్క, అందులో స్ప్రింగ్. అది అరిగి వదులైంది. ముక్క ధర తక్కువే, దాని దగ్గరికి చేరడానికి పట్టే కూలీ ఎక్కువ. మెకానిక్ సలహా స్పష్టంగా ఉంది: "సార్, ఒక్కసారి ఇప్పినాం కదా, ఇంగ దీని కింద ఉండేవన్నీ ఇప్పుడే మార్చేస్తాం. ఇంకోసారి ఇప్పితే ఇంకోసారి కూలీ." ముందు గొట్టం, వెనక గొట్టం, వాటర్ పంపు, థర్మోస్టాట్, కప్లర్, గాస్కెట్లు, పాత హోసులు మొత్తం. ముందు గొట్టానికి బదులు అల్యూమినియంతో చేసినది దొరుకుతుంది, అదే వేయించాను. సామాను ఇంగ్లండ్ నుంచి రావాలి. కస్టమ్స్, కొరియర్, పాన్ కార్డు కాపీలు, మళ్లీ కొరియర్, అంతా కలిపి ఐదు వారాలు. బండి అన్నాళ్లూ షెడ్డు మూలలో గుడ్డ కప్పుకుని ఉంది. మొత్తం లక్షా ఎనభై ఐదు వేలు.

బిల్లు చూసినప్పుడు నాకు నిద్ర పట్టలేదని చెప్పను. ఆ డబ్బు ఆరు లక్షల్లోంచి వచ్చింది, ఇంట్లో ఎవరి ముఖమూ మారలేదు. అందుకే అంతగా చెప్తున్నాను. కారు ధర పడిపోతుంది, దాని విడిభాగాల ధర పడదు. వాటర్ పంపుకు తన కారు ఇప్పుడు 27 లక్షలదని తెలియదు, కోటి రూపాయల కారు వాటర్ పంపు ధరే అడుగుతుంది.

రెండేళ్లలో తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగాను. టైర్లు, ఈ పని, రెండు మామూలు సర్వీసులు తొంభై వేలు, రెండు ఇన్సూరెన్సులు లక్షా పది వేలు, బ్యాటరీ 28 వేలు. కలిపితే ఐదు లక్షల డెబ్భై మూడు వేలు. కిలోమీటరుకు 64 రూపాయలు, పెట్రోల్ కాక. లీటరు పెట్రోల్‌కు ఊళ్లో నాలుగు కిలోమీటర్లు, హైవేలో ఎనిమిది ఇస్తుంది, సగటున కిలోమీటరుకు ఇంకో 18 రూపాయలు. క్యాబ్‌లో తిరిగినా ఇంత కాదు. నేను పెట్టగలను, ఇష్టంగా పెడుతున్నాను. ఈ అంకెలు చదివి గుండె గుబేలుమన్నవాళ్లు మంచి సెడాన్ కొనుక్కుని హాయిగా ఉండొచ్చు.

పెట్రోల్ సంగతి ఒకటి చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. ఈ కారు కట్టినప్పుడు ఆ లెక్క లేదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. వారాల తరబడి కదలని బండికి అది మంచిది కాదు. అందుకే ఎక్కువ రోజులు నిలబెట్టే ముందు ఇథనాల్ కలపని 100 ఆక్టేన్ పెట్రోల్ పోయిస్తాను. ఖరీదే, కానీ ఏడాదికి మూడు నాలుగుసార్లే. బ్యాటరీకి చిన్న చార్జర్ ఎప్పుడూ తగిలించి ఉంటుంది.

సెప్టెంబరులో నాయన కంటి చెకప్‌కి మళ్లీ వచ్చాడు. వెళ్లేటప్పుడు బస్సెక్కుతానంటే వద్దని, ఈ బండిలోనే తీసుకెళ్లాను. పొద్దున ఐదింటికి బయల్దేరాం. చిక్కబళ్లాపురం దాటాక రోడ్డు ఖాళీ అయింది. వంద కిలోమీటర్ల వేగంలో ఆరో గేరులో ఇంజిన్ నిమిషానికి 1,800 చుట్లు తిరుగుతుంది, అసలు ఉన్నట్టే ఉండదు. ఆ రోడ్డుకు పరిమితి కూడా వందే. బాగేపల్లి టోల్ దాటేదాకా నాయన మాట్లాడలేదు, వింటూనే ఉన్నాడు. కోడికొండ దగ్గర టీ తాగాం. పెనుకొండ కొండ కనపడగానే చెప్పడం మొదలుపెట్టాడు, ఎక్కడ బ్రేకు డౌన్ అయ్యాడో, ఏ చెట్టు కింద రాత్రంతా ప్యాసింజర్లతో కూర్చున్నాడో. ఆ చెట్లు ఇప్పుడు లేవు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయాయి. మరూరు టోల్ దగ్గర, "నేను తోలేదా?" అని అడిగాడు. కంటి డాక్టరు ఇంకా ఒప్పుకోలేదు కాబట్టి వద్దన్నాను. సరేనని స్టీరింగ్ మీద ఒకసారి చెయ్యి వేసి తీసుకున్నాడు.

ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉన్నాం. అమ్మ చేసిన ఉగ్గాని తిని, మధ్యాహ్నం దాకా పడుకున్నాను.

మరుసటి రోజు తెల్లారకముందే వాకిట్లో అలికిడైతే లేచి చూశాను. నాయన టార్చి పట్టుకుని బండి ముందు వంగి ఉన్నాడు. రాత్రి పడుకునే ముందు ఇంజిన్ కింద పాత వార్తాపత్రిక ఒకటి పరిచాడట, నాకు చెప్పలేదు. దాన్ని మెల్లగా లాగి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క చుక్క లేదు. మడిచి చంకలో పెట్టుకుని, "బాగా చేసినాడు ఆయప్ప," అన్నాడు.